28 కీళ్ల లెక్కలో లేని దవడ: రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవారికి

శరీర రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే జబ్బు రుమటాయిడ్ ఆర్థరైటిస్. అది ఎంత అదుపులో ఉందో తేల్చడానికి రుమటాలజిస్టులు, అంటే కీళ్లవాతం డాక్టర్లు, సాధారణంగా 28 కీళ్లు నొక్కి చూస్తారు. భుజాలు, మోచేతులు, మణికట్లు, చేతివేళ్ల కణుపులు, మోకాళ్లు. పాదాలు ఆ లెక్కలో లేవు, మెడ లేదు, దవడ లేదు. దవడను కూడా కలుపుకుని 68 కీళ్లు చూసే పద్ధతి ఒకటి ఉంది గానీ, బయట రోగులు బారులు తీరి ఉన్నప్పుడు అంత తీరిక ఏ డాక్టరుకు ఉంటుంది? చెవి దగ్గర నొప్పి అని చెవి డాక్టరు దగ్గరికి వెళితే చెవి బాగానే ఉందంటారు. దంతవైద్యులు పళ్లు చూసి పళ్లు బాగానే ఉన్నాయంటారు. ఇద్దరూ నిజమే చెబుతారు. మధ్యలో, చెవి ముందే ఉన్న దవడ కీలు మాత్రం ఎవరి ఖాతాలోకీ రాదు. కాబట్టి దాని సంగతి మనమే కనిపెట్టుకుని ఉండాలి, మనమే నోరు తెరిచి చెప్పాలి, వీలైతే అంకెల్లో చెప్పాలి.

నేను లెక్కల టీచరుని. ఏళ్ల తరబడి ఈ జబ్బుతో ఉన్నాను. వేళ్లు వంగినా సుద్దముక్క పట్టుకునే ఉపాయాలు చాలా దొరికాయి. నోరు పట్టేస్తే పాఠమే ఆగిపోతుంది, దానికి ఉపాయం లేదు. అందుకే ఈ కీలు మీద నాకు కాస్త ఎక్కువ శ్రద్ధ. డాక్టరు చెప్పే మందులకు ఇది బదులు కాదు, డాక్టరు దగ్గర మీకు పనికొచ్చే సరంజామా అనుకోండి.

నొప్పి ఆ కీలుదేనా?

చెవి రంధ్రాన్ని కాస్త కప్పినట్టుగా ముందు వైపు చిన్న రేకు లాంటి భాగం ఉంటుంది. దానికి కొంచెం ముందు చూపుడు వేలు ఆనించి, నోరు నెమ్మదిగా తెరిచి మూయండి. వేలి కింద ఒక బొడిపె కదలడం తెలుస్తుంది. అదే కింది దవడ ఎముక తల. నోరు తెరవడం మొదలుపెట్టగానే అది ఉన్నచోటనే తిరుగుతుంది, ఇంకా తెరిస్తే ముందుకు జారుతుంది. దానికీ పుర్రె ఎముకకూ మధ్య ఒక మెత్తటి బిళ్ల, చుట్టూ కీలును తడిగా ఉంచే పలచని పొర ఉంటాయి. వేళ్ల కీళ్లలో రుమటాయిడ్ దాడి చేసేది ఎలాంటి పొర మీదో, ఇక్కడా అలాంటి పొర మీదే. పొర వాచితే నొప్పి, బిగుతు. వాపు ఏళ్ల తరబడి అదుపు లేకుండా ఉండిపోతే మృదులాస్థి, ఆ తర్వాత ఎముక తల అరుగుతాయి. మామూలుగా చేతులు, పాదాల తర్వాతే దవడ వంతు వస్తుంది. తరచుగా రెండు వైపులా వస్తుంది.

బొడిపె మీద నొక్కితే నొప్పి, పొద్దున లేవగానే నోరు సరిగా తెరుచుకోకపోవడం, నమిలినకొద్దీ చెవిలోకో కణతకో పాకే నొప్పి, ఈ మూడూ కలిసి ఉంటే కీలును అనుమానించాలి. టక్ మనే చప్పుడు ఒక్కటే ఉండి నొప్పి లేకపోతే కంగారు అక్కర్లేదు, ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా అది చాలామందికి ఉంటుంది. ఇసుక నలిగినట్టు గరగరమంటే మాత్రం డాక్టరుకు చెప్పాలి, లోపలి ఉపరితలాలు గరుకెక్కాయనడానికి అది గుర్తు కావచ్చు. చల్లటిదో వేడిదో తగిలినప్పుడు ఒకే పన్ను జివ్వుమంటే అది పంటి సమస్య. చెంప కండరాన్నీ కణతనూ నొక్కినప్పుడే నొప్పి ఎక్కువైతే, తెలియకుండా పళ్లు బిగించే అలవాటు ఉండి ఉండవచ్చు. మనవాళ్లలో కీలు నొప్పి, కండరాల నొప్పి రెండూ జంటగా ఉండటం మామూలే. నొప్పితో నిద్ర పట్టని రాత్రుల్లో పళ్లు బిగించుకోకుండా ఎవరుంటారు?

నోటిని కొలవడం

నోరు ఎంత తెరుచుకుంటుందో చూడటానికి మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పెట్టి చూడమని చెబుతుంటారు. ఆ సలహా మనకు పనికిరాదు. కణుపులు వాచిన వేళ్లు ఈ రోజు ఒక మందం, వచ్చే వారం ఒక మందం. వంగిన వేళ్లు మూడూ ఒకదాని పక్కన ఒకటి సరిగా కూడవు. పైగా మణికట్టును ఆ కోణంలో తిప్పాలి. కొలబద్దే మారిపోతూ ఉంటే కొలతకు అర్థం ఏముంది?

నేను చేసేది ఇది. గట్టి అట్టముక్కను వేలు వెడల్పున కత్తిరించి, ఒక అంచు నుంచే మొదలుపెట్టి మిల్లీమీటర్ల గీతలు గీస్తాను. మామూలు స్కేలు ఎందుకు వద్దంటే, చాలా స్కేళ్లలో సున్నా అంచు దగ్గర ఉండదు, కొంచెం లోపల ఉంటుంది. ఆ ఖాళీ మూడు నాలుగు మిల్లీమీటర్లయినా ఈ లెక్కలో అది పెద్ద తేడా. అట్ట అంచును కింది ముందుపన్ను కొన మీద నిలబెట్టి, అద్దంలో చూస్తూ నోరు తెరిచి, పై పన్ను కొన ఏ గీత దగ్గర ఉందో చూడాలి. ప్రతిసారీ అదే పై పన్ను, అదే కింది పన్ను. రెండు అంకెలు రాసుకోవాలి: నొప్పి లేకుండా ఎంతవరకు తెరుచుకుంది, కాస్త నొప్పి ఉన్నా తనంతట తాను ఎంతవరకు తెరుచుకుంది. అంతకు మించి బలవంతంగా సాగదీయకూడదు. తడిసిన అట్ట పారేసి మళ్లీ కొత్తది చేసుకోవచ్చు.

పెద్దవాళ్లకు సాధారణంగా 40 మిల్లీమీటర్లు, అంతకన్నా ఎక్కువ తెరుచుకుంటుంది. 35 కన్నా తక్కువైతే పరిమితం అయిందని భావిస్తారు. అయితే చిన్న ముఖాలవాళ్లు, పెద్ద ముఖాలవాళ్లు ఉంటారు కదా, అందుకని అసలు చూడాల్సింది మీ పాత అంకెకూ కొత్త అంకెకూ మధ్య తేడా. జబ్బు నెమ్మదిగా ఉన్నప్పుడు వారానికోసారి చాలు. ఉధృతమైనప్పుడు రోజూ, లేవగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి. పొద్దున తక్కువగా ఉండి సాయంత్రానికి పెరిగితే అది వాపు వల్ల వచ్చే బిగుతును సూచిస్తుంది, రుమటాలజిస్టుకు ఆసక్తి కలిగించే విషయం అదే. రోజంతా ఒకే అంకె దగ్గర ఆగిపోతుంటే బిళ్ల అడ్డుపడటమో, కీలు అతుక్కుపోతుండటమో కారణం కావచ్చు.

అద్దం ముందు ఉన్నప్పుడే ఇంకొకటి గమనించండి. నోరు తెరిచినప్పుడు గడ్డం నిలువుగా కిందికి దిగుతుందా, ఒక పక్కకు పోతుందా? సాధారణంగా తక్కువ జారే కీలు వైపుకే గడ్డం పోతుంది.

పళ్ల కలయికను కూడా కనిపెట్టి ఉండాలి. సన్నటి కాగితం పీలికను ముందుపళ్ల మధ్య పెట్టి, తేలిగ్గా నోరు మూసి లాగి చూడండి. కొందరికి మొదటి నుంచే అక్కడ సందు ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు. మునుపు కాగితాన్ని పట్టుకున్న ముందుపళ్లు ఇప్పుడు వదిలేస్తుంటే, దవడపళ్లు మాత్రమే ముందుగా తగులుతుంటే, రెండు వైపులా ఎముక తలలు అరిగి పొట్టివవుతున్నాయేమోనని అనుమానించాలి. అలాంటప్పుడు గడ్డం కూడా మెల్లగా వెనక్కి పోతుంది. రోజూ చూసే ముఖం కాబట్టి మనకు తెలియదు. ఆరు నెలలకోసారి పక్క నుంచి ఒక ఫొటో తీయించి దాచుకోండి. గడ్డం వెనక్కి పోతూ, దాంతోపాటు గురక పెరగడం, నిద్రలో ఊపిరి ఆగినట్టయి లేవడం, పగలంతా మత్తుగా ఉండటం మొదలైతే డాక్టరుకు తప్పక చెప్పండి. గొంతు వెనక గాలిదారి ఇరుకైందేమో పరీక్షిస్తారు.

డాక్టరుతో ఏం చెప్పాలి

'దవడ నొప్పిగా ఉంది' అంటే మాట గాల్లో కలిసిపోతుంది. 'నెల క్రితం 41 మిల్లీమీటర్లు తెరుచుకునేది, ఇప్పుడు పొద్దున 30, సాయంత్రం 36. కుడివైపు గరగరమంటోంది. పొద్దున గంట దాకా నమలలేకపోతున్నాను' అని చెప్పి చూడండి. పెన్ను కాగితం మీదకు వెళుతుంది.

దంతవైద్యులు ముందుగా రెండు దవడలూ ఒకే ఫిల్ములో కనిపించే ఎక్స్‌రే తీయిస్తారు. ఎముక బాగా అరిగితేనే అందులో కనబడుతుంది. ఎక్స్‌రే బాగుందంటే వాపు లేదని కాదు, ఈ మాట గట్టిగా పట్టుకోండి. పొర వాపును, బిళ్ల స్థానాన్ని చూపేది ఎమ్మారై, అందులోనూ రక్తంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసేది. ఎముక వివరంగా కావాలంటే సీటీ. ఇవన్నీ అందరికీ అక్కర్లేదు. ఫలితాన్ని బట్టి వైద్యం మారేటట్టయితేనే తీయించడంలో అర్థం ఉంది, ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి.

దవడ ఎంత నొప్పిగా ఉన్నా అసలు వైద్యం దవడ దగ్గర మొదలవదు. మెథోట్రెక్సేట్ లాంటి మందులు, అవి చాలకపోతే బయొలాజిక్ ఇంజెక్షన్లు (వాపును రగిలించే అణువులను గురిచూసి ఆపే మందులు) ఒళ్లంతా జబ్బును అణచాలి. నొప్పి మాత్రలు నొప్పిని తగ్గిస్తాయి గానీ ఎముక అరగకుండా ఆపలేవు. మిగతా కీళ్లన్నీ నెమ్మదించి దవడ ఒక్కటే మొండికేస్తే ఆ ఒక్క కీలుకు వైద్యం చేసే సంగతి ఆలోచిస్తారు. ఇంకొక మాట, ఇది అందరికీ తెలుసులే అనుకోలేని మాట: రుమటాయిడ్‌కు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకు వస్తుంది. ఆ మందు వాడుతూ నోట్లో పుళ్లు వస్తుంటే ఓర్చుకుని ఊరుకోకండి, డాక్టరుకు చెప్పండి. దానితోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ను, మందు మోతాదును సరిచూస్తారు.

రోజువారీ సంరక్షణ

దవడకు విశ్రాంతి భంగిమ ఒకటుంది. పెదవులు కలిసి ఉండాలి, పళ్లు కలవకూడదు, నాలుక కొన పై ముందుపళ్ల వెనక అంగిలికి తేలిగ్గా ఆని ఉండాలి. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్లకు కింది పళ్లతో పనిలేదు. చెప్పడం తేలిక, గుర్తుండటమే కష్టం. మా తరగతి గదిలో బల్ల ఎదురుగా గోడ మీద చిన్న ఎర్ర చుక్క అంటించాను. కంట పడినప్పుడల్లా పళ్లు విడదీస్తాను. అదేమిటని పిల్లలు అడిగితే దశాంశ బిందువు అని చెబుతాను. మాట్లాడే ఉద్యోగమైతే చిన్న మైకు తీసుకోండి. గొంతు పెంచినప్పుడల్లా నోరు కూడా ఎక్కువ తెరుస్తాం, మైకు ఉంటే ఆ అవసరం తగ్గుతుంది.

ఆవులింత వచ్చేటప్పుడు నాలుకను అంగిలికి ఆనించి, గడ్డం కింద చెయ్యి ఆసరా పెడితే నోరు హద్దు దాటి తెరుచుకోదు. గడ్డాన్ని చేతికి ఆనించి కూర్చోవడం, ఫోనును భుజానికీ దవడకూ మధ్య ఇరికించడం, గోళ్లు కొరకడం, చూయింగ్ గమ్ ఇవన్నీ మానాల్సినవే. తినేవి చిన్న ముక్కలుగా కోసుకుని, వీలైనంతవరకు రెండు వైపులా నమలండి. గట్టివి, సాగేవి, నోరు బార్లా తెరిచి కొరకాల్సినవి పక్కన పెట్టండి. జబ్బు ఉధృతంగా ఉన్న రోజుల్లో మెత్తటివి తినడం సరే గానీ, వారాల తరబడి ద్రవాల మీదే బతకకండి. బరువు తగ్గుతారు, నమిలే కండరాలు నీరసిస్తాయి.

వ్యాయామానికి ముందు చెంపలకు 15 నుంచి 20 నిమిషాలు గోరువెచ్చని కాపడం పెట్టుకోవాలి. కీలు మీద చర్మం వేడిగా, ఉబ్బి ఉన్నప్పుడు మాత్రం గుడ్డలో చుట్టిన చల్లటి ప్యాక్ పది నిమిషాలు పెడితే కొందరికి హాయిగా ఉంటుంది. ఏది బాగుంటే అది. తర్వాత నాలుకను అంగిలికి ఆనించి, అది ఊడిరాకుండా ఎంతవరకు వీలైతే అంతవరకే నోరు తెరిచి మూయాలి. ఆరుసార్లు చాలు. ఆ మీదట పళ్లు కొంచెం ఎడంగా ఉంచి, దవడను కుడికి, ఎడమకు మెల్లగా జరపాలి. ఇలా రోజుకు నాలుగైదు విడతలు. ఒకేసారి అరగంట చేయడం కన్నా ఇదే మేలు. వ్యాయామం అయిన గంటకు కూడా నొప్పి తగ్గకపోతే మరుసటి రోజు సగానికి తగ్గించండి. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు సాగదీసే పనులు వద్దు, తేలికపాటి కదలిక మాత్రం పూర్తిగా మానకూడదు.

సాగదీయడానికి బొటనవేళ్లతో దవడను కిందికి నొక్కమని కొన్ని బొమ్మల్లో చూపిస్తారు. ఆ బొమ్మలు గీసినవాళ్ల బొటనవేళ్లు ఆరోగ్యంగా ఉండి ఉంటాయి! మనం ఒక కీలును బాగుచేయడానికి ఇంకో కీలును పాడుచేసుకోకూడదు. సాగదీయడం అవసరమనుకుంటే ఫిజియోథెరపిస్టు చదునైన చెక్క పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య ఉంచే పద్ధతి నేర్పుతారు. ఎన్ని పుల్లలు, ఎంతసేపు అన్నది వాళ్లు చూసే చెప్పాలి.

దంతవైద్యుల కుర్చీలో

మన దవడకు పెద్ద పరీక్ష ఇక్కడే. గంటసేపు నోరు తెరిచి ఉంచితే ఆ తర్వాత ఎన్నాళ్లో బాధపడాల్సి రావచ్చు. పొద్దుటి బిగుతు వదిలాక, అంటే మధ్యాహ్నం దగ్గరపడే వేళకు సమయం అడగండి. ఒకే రోజు పెద్ద పని కాకుండా చిన్న చిన్న విడతలుగా చేయమనండి. పళ్ల మధ్య ఆసరాగా పెట్టే రబ్బరు దిమ్మ అడగండి. కొరికి పట్టుకుంటే కండరాలకు శ్రమ తగ్గుతుంది. చెయ్యెత్తితే ఆపాలని పని మొదలుపెట్టక ముందే ఒప్పందం చేసుకోండి, నోట్లో పరికరాలు ఉన్నాక మాట్లాడలేం కదా.

మెడ గురించి తప్పనిసరిగా చెప్పాలి. రుమటాయిడ్ చాలాకాలంగా ఉన్నవారిలో మెడ పైభాగంలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు సడలి ఉండవచ్చు. తలను బాగా వెనక్కి వంచడం, చటుక్కున తిప్పడం ప్రమాదం. మెడ కింద చిన్న దిండు పెట్టమనండి. దవడ నొప్పికని మెడ విరిపించుకోవడం మాత్రం అసలు వద్దు.

మందుల జాబితా మొత్తం చూపించండి. ముఖ్యంగా స్టెరాయిడ్ల వల్ల ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ లాంటివి. అరుదుగానే అయినా, వీటిని వాడేవారికి పన్ను పీకాక దవడ ఎముక మానకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. అసలు వాటిని మొదలుపెట్టక ముందే పళ్ల పని పూర్తిచేసుకుంటే మంచిది. బయొలాజిక్ మందులు వాడుతుంటే పన్ను పీకే ముందు ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకోవాలి. మీ అంతట మీరు ఏదీ ఆపకండి.

నిద్రలో పళ్లు బిగించేవారికి స్ప్లింట్, అంటే పళ్లకు తొడిగి తీసే తొడుగు, ఉపశమనం ఇవ్వవచ్చు. మీ పళ్లకు సరిపడా చేయించి, మధ్యమధ్య సరిచూపించుకోవాలి. పెట్టుకున్నాక నొప్పి పెరిగినా, పళ్ల కలయిక మారినా వెంటనే చెప్పండి. ఇక కలయిక సరిచేస్తామని పళ్లు అరగదీయడం, వరుసగా పళ్లకు క్యాపులు అతికించడం, క్లిప్పులు వేయడం, వీటికి తొందరపడి తలూపవద్దు. జబ్బు ఇంకా రగులుతూ ఎముక అరుగుతూ ఉంటే ఈ రోజు కలిపిన పళ్లు మళ్లీ విడిపోతాయి. అరగదీసిన పన్ను మాత్రం తిరిగి రాదు.

రుమటాయిడ్‌తోపాటు నోరు ఎండిపోయే షోగ్రెన్ జబ్బు కూడా కొందరికి ఉంటుంది. లాలాజలం లేకపోతే పళ్లు త్వరగా పుచ్చుతాయి. అలాంటప్పుడు ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న పేస్టు గురించి దంతవైద్యులను అడగండి. బ్రష్షు పట్టుకోవడం కష్టమైతే పిడికి మందపాటి స్పాంజి గొట్టం తొడగండి, లేదా కరెంటు బ్రష్షు వాడండి. చిగుళ్ల జబ్బుకూ రుమటాయిడ్‌కూ సంబంధం ఉంది, పొగతాగడం రెండింటికీ చేటు.

ఆర్థరైటిస్ ఉన్న పిల్లల గురించి ఒక్క మాట. వాళ్లలో దవడ కీలు నొప్పి లేకుండానే పాడవుతూ, గడ్డం చిన్నగానో ఒక పక్కకో పెరగవచ్చు. పిల్లలు చెప్పేదాకా ఆగకుండా, డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ దవడ చూపించాలి.

ఆగకూడని సందర్భాలు

ఛాతీలో బరువు, ఆయాసం, చెమటలతో దవడలోకి నొప్పి పాకితే అది కీలు నొప్పి అనుకోవద్దు. రుమటాయిడ్ ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు ఎక్కువ, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. 50 దాటినవారికి నమిలేకొద్దీ దవడ అలసిపోయి నొప్పెట్టడం, ఆపగానే తగ్గడం, కొత్తగా కణత నొప్పి, తల దువ్వుకుంటే మాడు నొప్పి, చూపు మసకబారడం ఉంటే అది తలలోని రక్తనాళాల వాపు కావచ్చు. ఆలస్యమైతే చూపు పోవచ్చు. ఒకే వైపు కీలు ఉన్నట్టుండి ఎర్రగా వాచి జ్వరం వస్తే చీము పట్టిందేమో చూడాలి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారిలో జ్వరం పెద్దగా లేకపోయినా తేలిగ్గా తీసుకోకూడదు. నోరు తెరిచాక మూతపడకపోయినా అదే రోజు వెళ్లాలి.

శస్త్రచికిత్స దాకా వస్తే

చాలామందికి ఆ అవసరం రాదు. మందులకు లొంగని కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. పదేపదే ఇవ్వడం మంచిది కాదు, పిల్లల్లో ఇంకా ఆచితూచి ఇస్తారు. సూదులతో కీలు లోపల సెలైన్‌తో కడగడం తర్వాతి మెట్టు. కీలు పూర్తిగా అరిగిపోయినా, అతుక్కుపోయినా కృత్రిమ కీలు అమరుస్తారు. అది అనుభవం ఉన్న సర్జన్లు చేయాల్సిన పని.

ఆపరేషన్ దవడకే కానక్కర్లేదు, మోకాలికైనా సరే, మత్తు ఇచ్చే డాక్టరును ముందుగానే కలవండి. మత్తులో ఊపిరి గొట్టం పెట్టడానికి నోరు తెరుచుకోవాలి, మెడ వంగాలి. మనకు రెండూ కష్టమే. ముందే తెలిస్తే మెడ ఎక్స్‌రే తీయిస్తారు, సన్నటి కెమెరా గొట్టం సిద్ధం చేసుకుంటారు, వీలైతే నడుము కింది భాగానికే మత్తు ఇస్తారు. మీ కొలతల కాగితంలోని చివరి అంకెను, తేదీతో సహా, ఆస్పత్రి ఫైలు మొదటి పేజీలో రాయించండి.